శ్వాసగొట్టం వేసే ముందు ఏ మత్తు ఇవ్వాలి: ఐసీయూలో నా అనుభవం

ఆపరేషన్ థియేటర్‌లో ప్రోపోఫాల్ అనే మత్తుమందు ఇవ్వడం అలవాటైన మాకు ఐసీయూలో మొదట బోధపడేది, ఇక్కడి రోగి ఆ మందును అదే మోతాదులో తట్టుకోలేడన్న సంగతి. క్రిటికల్ కేర్ శిక్షణలో చేరిన కొత్తలో, న్యుమోనియా ముదిరి సెప్సిస్‌లోకి, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిలోకి, జారిన ఒక పెద్దాయనకు గొట్టం వేయవలసి వచ్చినప్పుడు ఏ మత్తు ఇవ్వాలన్న ఎంపిక నాకు అప్పగించారు. మాస్క్ పెట్టినా ఆయన నిమిషానికి 40 సార్లు ఊపిరి తీస్తున్నారు. బీపీ పై అంకె 90 దాటడం లేదు.

అలాంటి స్థితిలో బీపీని కాస్తయినా నిలబెడుతున్నది ఆ ఆయాసం, ఆ భయం వల్ల ఒంట్లో ఊరే అడ్రినలిన్. మత్తు ఎక్కగానే రక్తనాళాల బిగువు సడలుతుంది. ఆపైన వెంటిలేటర్ ఛాతీలోకి గాలిని నెట్టడంతో గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. 29 దేశాల్లో దాదాపు 3,000 మంది రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన ఇంట్యూబ్ అధ్యయనంలో, గొట్టం వేసే ప్రక్రియ మొదలైన అరగంటలోపే 42 శాతానికి పైగా రోగులకు రక్తప్రసరణ దెబ్బతిన్నదని, సుమారు 3 శాతం మందికి గుండె ఆగిందని తేలింది.

అందుకే ప్రోపోఫాల్‌ను పక్కన పెట్టాను. మిడజోలామ్ నెమ్మదిగా ఎక్కుతుంది, బీపీనీ తగ్గిస్తుంది. ఇక మిగిలినవి ఎటోమిడేట్, కెటమిన్. ఎటోమిడేట్‌తో బీపీ పెద్దగా కదలదు గానీ, ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరానికి కావలసిన కార్టిసాల్ హార్మోన్ తయారీకి అవసరమైన ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. సెప్సిస్ రోగికి ఒక్క డోసుతోనైనా ఆ లోటు తేవడానికి నాకు మనసొప్పలేదు. డల్లాస్‌లో 801 మందిపై జరిపి 2022లో వెలువరించిన పరిశోధనలో ఏడో రోజు నాటికి ఎటోమిడేట్ తీసుకున్నవారికంటే కెటమిన్ తీసుకున్నవారే ఎక్కువగా బతికి ఉన్నారు, అయితే 28వ రోజుకు ఆ తేడా స్పష్టంగా నిలవలేదు. కెటమిన్‌కూ ఒక చిక్కుంది: రోజుల తరబడి ఆయాసపడి అడ్రినలిన్ నిల్వలు అడుగంటినవారిలో అది గుండెను నేరుగా నీరసపరచగలదు.

"మందు పేరు దగ్గరే ఆగిపోకమ్మా, డోసు ఎంతో చెప్పు. నోర్‌అడ్రినలిన్ మొదలుపెట్టారా?" అని మా సీనియర్ అడిగారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. నోర్‌అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి బీపీని నిలబెట్టే మందు) ముందే ఎక్కించి, కెటమిన్‌ను మామూలు మోతాదులో సగానికి, అంటే కిలోకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము మధ్యకు తగ్గించాను. కండరాలు సడలించే రోక్యూరోనియంను మాత్రం తగ్గించకుండా కిలోకు 1.2 మిల్లీగ్రాములు ఇచ్చాను, ఎందుకంటే రక్తప్రసరణ మందగించినప్పుడు అది పనిచేయడం ఆలస్యమవుతుంది. గొట్టం సాఫీగా దిగింది, బీపీ నిలిచింది.

అంతకుముందు ఆయన కొడుకు, "నాన్నకు నొప్పి తెలుస్తుందా మేడమ్?" అని అడిగారు. తెలియకుండా చూస్తామని మాట ఇచ్చాను. ఆ మాట నిలబడాలంటే గొట్టం పడ్డాకే ఎక్కువ జాగ్రత్త కావాలి: కెటమిన్ మత్తు పావుగంటలో తగ్గిపోవచ్చు, రోక్యూరోనియం గంట దాకా కదలనివ్వదు. స్పృహ వచ్చినా వేలు కూడా కదపలేని ఆ స్థితి ఎవరికీ రాకూడదు. అందుకే నొప్పి తెలియనివ్వని ఫెంటనిల్, మత్తుమందు నరంలోకి ఆగకుండా ఎక్కే ఇన్‌ఫ్యూజన్లు ముందే సిద్ధం చేయించి, గొట్టం కట్టిన వెంటనే మొదలుపెట్టించాను.