వీపు మీద కాగితం

పోటీకి ముందు రోజు రాత్రి మా ఆవిడ నా నంబరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇటివ్వండి, నాలుగు మూలలా కుట్లు వేస్తాను" అంది. నాలుగు పిన్నీసులు ఇచ్చారు కదా, మళ్లీ సూదీ దారం ఎందుకన్నాను. ఆ మాటకు ఫలితంగా మర్నాడు తిరుగు దారిలో పది కిలోమీటర్ల పొడుగునా వీపు మీద టపటపా చప్పుడు వింటూ సైకిల్ తొక్కాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తిలో గుమస్తాను. ఫిబ్రవరి నుంచి మే దాకా బస్తాలు, కాంటా, చిట్టా, దగ్గు. ఇంకో ధ్యాస ఉండదు. సరుకు రాక తగ్గాక మాత్రం తెల్లవారుజాములు నావి. మా అన్న కొడుకు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ వదిలేసిన రేసు సైకిల్ మీద ఆరేళ్లుగా హసన్‌పర్తి మీదుగా ఎల్కతుర్తి దాకా వెళ్లి వస్తున్నాను. నలుగురం కలిసి వెళ్తే నేను ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నక్కి తొక్కే రకం. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. టైమ్ ట్రయల్‌లో ఆ సుఖం లేదు. నిమిషానికి ఒకరిని వదులుతారు, ఎవరి గాలి వాళ్లే చీల్చుకోవాలి. అసలు నా సొంత వేగమెంతో ఆరేళ్లయినా నాకే తెలియదనిపించి పేరు ఇచ్చాను.

చిక్కు అక్కడే మొదలైంది. యాభై పైబడినవాళ్లందరికీ ఒకే విభాగం. పదో తరగతి మెమో ప్రకారం నాకు 51, నిజానికి 49. బడిలో త్వరగా చేర్చుకోవాలని మా నాన్న రెండేళ్లు ఎక్కువ రాయించాడు. బల్ల దగ్గరున్న కుర్రవాడికి ఈ సంగతి చెప్పబోతే, "కాగితంలో ఉన్నదే వయసు సార్" అని ముద్ర కొట్టేశాడు. పోనీలే, నలభైల్లో ఉన్నవాళ్లతో తలపడే బాధ తప్పింది, పెద్దవాళ్ల మీద గెలవడం తేలికని లోలోపల సంతోషించాను కూడా.

ములుగు రోడ్డులో గూడెప్పాడ్ దాటాక మొదలు. పది కిలోమీటర్లు వెళ్లి, వెనక్కి తిరిగి, అదే దారిన రావాలి. జూలై చివరి ఆదివారం. కటాక్షపూర్ చెరువు నిండుగా ఉన్నా అప్పటికింకా మత్తడి పడలేదు. పడితే నీళ్లు రోడ్డు మీదుగానే పోతాయి, ఇక పోటీ మాటే ఉండదు.

నా సమయం 6 గంటల 41 నిమిషాలు. ఆలస్యంగా వచ్చినా గడియారం ఆగదు, ఆ సెకన్లు మన ఖాతాలోనే పడతాయి. అందుకని ఇరవై నిమిషాల ముందే వెళ్లి నిలబడ్డాను. మొదలుపెట్టే చోట ఒకతను వెనక నుంచి సీటు పట్టుకుంటాడు, మనం రెండు కాళ్లూ పెడళ్లకు బిగించి కూర్చోవాలి. కదలని సైకిల్ మీద రెండు పాదాలూ నేలకు ఆనకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి. నమ్మకం కుదరక నడుముతో ఓ పక్కకు, మెడతో ఇంకో పక్కకు సర్దుకుంటున్నాను. "మీరు నిలబెట్టకండి సార్, నేను పట్టుకున్నాను" అన్నాడతను విసుగ్గా. బస్తాలాగా ఒళ్లు వదిలేశాను. అప్పుడు నిలిచింది సైకిల్. ఐదు, నాలుగు, మూడు.

అనుభవమున్నవాళ్లందరూ చెప్పిన మాట ఒక్కటే. మొదటి ఐదు నిమిషాలు ఇంత నెమ్మదిగా వెళ్తున్నానేమిటి అనిపించాలట. నాకు అలా అనిపించలేదు. మీటరు మీద 38, 39 కనిపిస్తుంటే ఈ కాళ్లు నావేనా అని మురిసిపోయాను. ముంజేతులు దగ్గరగా పెట్టి, తల దించి, అడ్తి యజమాని చూస్తే బాగుండుననుకుంటూ దూసుకుపోయాను. పత్తి మొక్కల ఆకులన్నీ నేను వెళ్లే దిక్కుకే వాలి ఉన్నాయని చూశాను గానీ దాని అర్థం మాత్రం తట్టలేదు. మలుపు దగ్గరికి 15 నిమిషాల 40 సెకన్లు. వెనక్కి తిరగగానే నైరుతి గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపినట్టయింది. వీపు మీద కింది పిన్ను ఒకటి ఊడిపోయింది, కాగితం గాలిపటమై కొట్టుకోవడం మొదలుపెట్టింది.

వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుందని, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుందని చదివాను. చదవడం వేరు. 30 దగ్గర మీటరు అతుక్కుపోయింది. తొడలు సున్నం బట్టీలయ్యాయి. పోతూ లాభపడింది వస్తూ నష్టపోయినదానికి సరిపోతుందనుకుంటాం గానీ, ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి లెక్క ఎప్పుడూ నష్టంతోనే ముగుస్తుంది. చిట్టాలు రాసేవాడిని, ఇది నాకు ముందే తెలియాల్సింది.

ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా పక్క నుంచి చెయిన్ చప్పుడు వినిపించింది. నా వెనక నిమిషానికి బయలుదేరిన ఆయన. తెల్లటి మీసాలు, చిన్న గుండ్రటి వీపు, ఎక్కడా ఊగని భుజాలు. "కిందికి చూడకు తమ్ముడూ, రోడ్డు చూడు" అని ముందుకెళ్లిపోయారు. ఆయన వెనక రెండడుగుల దూరంలో గాలి లేని చోటు ఉంది. ఆరేళ్ల అలవాటు, చక్రం దానంతటదే అటు జరిగింది. నిబంధనల ప్రకారం 25 మీటర్లు ఎడం ఉండాలి. వెనక మోటారు సైకిల్ మీద అధికారి ఉన్నాడో లేడో తిరిగి చూడలేదు. తొక్కడం ఆపి, ఆయన్ని పోనిచ్చి, మళ్లీ గాలిలోకి వచ్చాను. ఆ నాలుగైదు క్షణాలు పోటీ మొత్తంలో అన్నిటికన్నా కష్టంగా గడిచాయి.

నాది 35 నిమిషాల 8 సెకన్లు. ఆయనది 33 నిమిషాల 41. ఆయనకు 58 ఏళ్లని తర్వాత తెలిసింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని అరటిపండ్లు తింటున్నప్పుడు, మలుపు దగ్గర నాకంటే పది సెకన్లు వెనకబడే ఉన్నానని చెప్పారు. "పోయేటప్పుడు దాచుకున్నాను" అన్నారు, అంతే. పదకొండు మందిలో నేను నాలుగో స్థానం. మూడో అతను 34 నిమిషాల 59.

తొమ్మిది సెకన్లు. 1989లో మూడు వారాల టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో ఓడి లారెంట్ ఫిన్యోన్ మొత్తం టూర్‌నే గ్రెగ్ లెమాండ్‌కు వదులుకున్నది ఎనిమిది సెకన్ల తేడాతో. హెల్మెట్ లేకుండా తొక్కిన ఆయన పిలక గాలికి ఎగిరినందువల్లే అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా విషయంలో కాగితం వంతు ఎంతో గానీ, మొదటి పది నిమిషాల వంతు అంతకు పదింతలని నాకు తెలుసు. ఇంటికొచ్చేదాకా మాత్రం తప్పంతా కాగితం మీదే వేసుకుంటూ వచ్చాను.

మా ఆవిడ జెర్సీ ఉతకడానికి తీసుకుని, పిన్ను లాగేసిన చిరుగులో వేలు పెట్టి చూసింది. ఎంతలో పోయిందని అడిగింది. తొమ్మిది సెకన్లన్నాను.

"పోనీలెండి, నాలుగు కుట్లు వేయడానికి అంతకన్నా ఎక్కువే పట్టేది" అంది.