పాలమూరులో రొట్టె తినాలంటే కాసేపు ఆగాలి

మహబూబ్‌నగర్ వస్తున్నామని ఎవరు ఫోన్ చేసినా ముందు పిల్లలమర్రి ఎటు అని అడుగుతారు, తర్వాత భోజనం ఎక్కడ బాగుంటుందని అడుగుతారు. నేను అందరికీ చెప్పేది ఒకటే. ఫ్లెక్సీ మీద వంద ఐటమ్స్ రాసిపెట్టిన ఏసీ హాళ్లకు పోకండి, ఇంటివాళ్లంతా కలిసి నడుపుకునే చిన్న మెస్ చూసుకుని పోండి, కూర్చోగానే జొన్నరొట్టె చెప్పండి. ఇంకో మాట కూడా చెప్తాను కానీ దాన్ని ఎవరూ సరిగ్గా వినిపించుకోరు, అరగంట టైమ్ పెట్టుకుని పోండి అని.

నేను పోయే మెస్ రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. పేరు రాయను, ఎందుకంటే ఉన్నవే కొన్ని టేబుళ్లు, ఆదివారం జనం ఎక్కువైతే వాళ్లకే ఇబ్బంది. గల్లా దగ్గర అన్న, లోపల కూరల దగ్గర వదిన, వెనక రేకుల షెడ్డులో కట్టెల పొయ్యి ముందు వాళ్ల అత్తమ్మ, కాలేజీ లేని రోజుల్లో వడ్డించడానికి కొడుకు. పెద్దమ్మ రొట్టె చేస్తుంటే చూడాలని నేను కావాలనే ఆ షెడ్డు పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటాను.

గిన్నెలో నీళ్లు తెర్లుతుంటాయి, అందులో కొంచెం ఉప్పు. పిండి మధ్యలో గుంట చేసి ఆ ఎసరు పోసి ముందు గరిటె కామతో కలుపుతుంది, చెయ్యి పట్టేంత వేడికి రాగానే అరచేతి మడమతో ఒత్తి ఒత్తి పిసుకుతుంది. ఒక్కో రొట్టెకు సరిపడా ముద్ద మాత్రమే తీసుకుని పొడిపిండి చల్లిన పీట మీద అరచేత్తో కొడుతుంటే ముద్ద దానంతట అది తిరుగుతూ అంచు పలచబడుతూ పోతుంది. ఆ చప్పుడు ఆగిందంటే రొట్టె పెనం మీద పడినట్టే. పైన తడిగుడ్డతో నీళ్లు రాస్తుంది, ఆ తడి ఆరగానే తిరగేస్తుంది, చివరికి పెనం పక్కకు జరిపి నిప్పుల మీద నిలబెడితే పొంగుతుంది. దించి పళ్లెంలో వేసేటప్పుడు "వేడిమీదనే తిను బిడ్డా" అంటుంది, ప్రతిసారీ అంటుంది, తెలిసినోళ్లకైనా కొత్తోళ్లకైనా.

ఆమె ఆ మాట ఊరికే అనదు. గోధుమపిండిలో సాగే జిగురు ఉంటుంది కాబట్టి పొద్దున కలిపిపెట్టినా చపాతీకి సాయంత్రం దాకా ఏం కాదు. జొన్నలో ఆ జిగురు లేదు. మరిగే నీళ్లు పోసినప్పుడు పిండి కొంత ఉడుకుతుంది, ఆ ఉడికిన పిండే మిగతాదాన్ని పట్టి ఉంచుతుంది, అది కూడా కొంతసేపే. ముద్ద ఆరిందంటే కొట్టేటప్పుడు అంచులు పగులుతాయి. పిండి పాతదైతే ఇంకా కష్టం, రొట్టె విరుగుతుంది, కొంచెం చేదు కూడా వస్తుంది, అందుకే వాళ్లు జొన్నలు కొద్దికొద్దిగానే గిర్నీకి పంపి పట్టించుకుంటారు. ముందే చేసి బాక్సులో పేర్చిపెడితే అవుతుంది కదా అనేవాళ్లుంటారు. చేయొచ్చు, కర్ణాటక వైపు ఎండురొట్టె చేసి రోజుల తరబడి దాచుకుంటారు కూడా, కానీ అది వేరే తిండి. మెత్తటి రొట్టె కావాలంటే మీరు వచ్చి కూర్చున్నాకే పిండి కలపాలి, పెనం మీద ఒకసారికి ఒకటే పడుతుంది, ఆరుగురు వస్తే ఆరో మనిషి ఆగాల్సిందే.

మొన్న ఇదే విషయం మీద ఒక గొడవ చూసి మనసు పాడైంది. కారులో వచ్చినవాళ్లు కూర్చున్న కాసేపటికే టేబుల్ కొట్టి అరవడం మొదలుపెట్టారు, ఆ పిల్లాడు "అయితుందన్నా, అయితుంది" అంటూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు, చివరికి వాళ్లు తినకుండానే లేచిపోయారు, పోతూ పోతూ ఫోన్‌లో ఒక్క స్టార్ ఇస్తామని చెప్పి మరీ పోయారు. అప్పటికి పెద్దమ్మ పెనం మీద వాళ్ల రొట్టెనే ఉంది. తిండి బాలేదంటే అనండి, అది మీ హక్కు. తినకముందే, వండుతున్న మనిషిని చూస్తూ చూస్తూ అలా అనడం నాకైతే అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

ఇంకో రకం వాళ్లు ఫ్రైడ్ రైస్ లేదా, మంచూరియా లేదా అని అడుగుతారు. రోజుకు పదిమంది అడిగితే ఏ అన్నయినా ఏం చేస్తాడు, ఒక మాస్టర్‌ని పెట్టుకుంటాడు, పెద్ద మంట పొయ్యి కొంటాడు, 19 కిలోల సిలిండర్ ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు రాబట్టాలంటే త్వరగా అయ్యేవే ఎక్కువ అమ్మాలి, రొట్టె మెల్లగా మెనూలోంచి పోతుంది. మా ఊళ్లో కొన్ని మెస్‌లు ఇట్లనే మారిపోయాయి.

అసలు ఈ జిల్లాలో ఒకప్పుడు జొన్నరొట్టె హోటల్‌కి పోయి కొనుక్కునే వస్తువే కాదు. చెల్క భూముల్లో వానకు పండేది జొన్న, ఇంట్లో రెండు పూటలా అదే, బియ్యం పండుగకు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక అన్నం రోజువారీ తిండి అయింది, అది పేదింటికి ఎంత పెద్ద మేలో మా నాయనమ్మ చెప్తుండేది, నేను దాన్ని తక్కువ చేయను. కానీ రొట్టె చేసే చేతులు ఇంటింటికీ తగ్గాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని డాక్టర్లు చెప్పాక మళ్లీ అందరికీ రొట్టె కావాలి. చేయడం వచ్చినవాళ్లు మాత్రం ఇట్లాంటి ఇళ్లల్లోనే ఉన్నారు. మా వదినకు కూర ఎంత బాగా వచ్చినా రొట్టె మాత్రం అత్తమ్మదే, ఆమెకు జ్వరం వచ్చిన రోజు అన్నమే పెడతారు.

కూరల గురించి చెప్పకపోతే తప్పు. పుంటికూర (గోంగూర) పప్పు అడగండి, తప్పకుండా అడగండి, రొట్టెకు దాన్ని మించింది లేదు. నాటుకోడి రోజూ ఉండదు, ఆదివారం తలకాయ కూర, బోటి ఉంటాయి, ఒంటిగంటకల్లా అయిపోతాయి. అంచుకు ఉల్లిగడ్డ, పల్లికారం అడగకుండానే పెడతారు. చివర్లో కొంచెం అన్నం పెట్టించుకుని పచ్చిపులుసు పోసుకోండి. కారం ఎక్కువే, పిల్లలుంటే ముందే చెప్తే వాళ్లకు పెరుగన్నం కలిపిస్తారు, బిల్లులో అది రాయరు.

పోయే ముందు ఒక ఫోన్ కొట్టి ఎంతమంది వస్తున్నారో, ఎన్ని రొట్టెలో చెప్పండి. మీరొచ్చేసరికి ఎసరు పొయ్యి మీద ఉంటుంది. అందరికీ వచ్చేదాకా ఆగి కలిసి తిందామని చూడకండి, వచ్చిన రొట్టె వచ్చినట్టు సగం సగం పంచుకుని తినండి. పార్సిల్ కావాలంటే ఇంటినుంచి గుడ్డా డబ్బా తీసుకెళ్లండి, పేపర్‌లో చుడితే సిరా అంటుతుంది, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఆవిరికి తడిసి ముద్దవుతుంది. మంగళవారం మెస్ బంద్.