ఎర్ర చుక్క

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ముఠా పని చేస్తాడు, మిరప బస్తాలు మోస్తాడు. సీజన్లో ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే చాలు, ఇంటిల్లిపాదికీ దగ్గొస్తుంది. అందుకే 2025 ఫిబ్రవరిలో నాకు దగ్గు మొదలైతే ఘాటు వల్లేలే అనుకున్నాం. నెల దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రిళ్లు చెమటకు దిండు తడిసిపోయేది. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని, ఒక్కటి పూర్తయ్యేసరికి ఆయాసం. తెమడలో నెత్తుటి చార కనబడ్డాక ఆసుపత్రికి పోయాను. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ అన్నారు. అప్పటికి నా బరువు 41 కిలోలు.

బిళ్లలు ఉచితంగానే ఇచ్చారు. రోజుకు మూడు, ఆరు నెలలు ఒక్కరోజు కూడా మానకూడదన్నారు. పాపకు ముందుజాగ్రత్త బిళ్లలు రాశారు. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను, మందు రంగేనని తర్వాత చెప్పారు.

ఇంటికొచ్చిన మర్నాడు అత్తమ్మ నా కంచం, గ్లాసు బోర్లించి అడుగున పాప నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్కలు పెట్టింది. "ఏమనుకోమాకమ్మా, పిల్ల ఉన్న ఇల్లు" అంది. గరిటె కంచానికి తగలకుండా పైనుంచి అన్నం జారవిడిచేది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె అన్న ఈ జబ్బుతోనే మంగళగిరి శానిటోరియంలో చనిపోయాడంట, ఇప్పుడు ఎయిమ్స్ కట్టిన చోట. ఆ భయం ఆమెను ఇన్నేళ్లూ వదల్లేదు. అయినా చుక్క పెట్టిన కంచంలో మొదటి ముద్ద గొంతు దిగలేదు.

చర్చిలో జరిగింది మాత్రం ఇంతకంటే కోసింది. నేను కూర్చున్న చాప మీద నుంచి ఇద్దరు లేచి పక్క చాపకు వెళ్లారు. తొమ్మిదేళ్లు నా పక్కన నిలబడి పాటలు పాడిన అక్క, "ఒంట్లో బాగయ్యేదాకా పాటల దగ్గరకు రామాక" అంది. ఆ వారంలోనే ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి ప్రార్థన చేసింది. "విశ్వాసముంటే బిళ్లలెందుకు? ఏదో పాపం దాచిపెట్టుంటావు, ఒప్పుకో, ప్రభువు ముట్టి బాగుచేస్తాడు" అంది. నేను నమ్మాను. రాత్రంతా చిన్నప్పటి నుంచి చేసిన తప్పులన్నీ వెతుక్కున్నాను. నాలుగు రోజులు బిళ్లలు మింగలేదు.

ఐదో రోజు ఆశా కార్యకర్త వచ్చి బిళ్లల అట్ట చూసి అడిగింది. ఇలా ఆపితే పురుగు మొండికెత్తి ఈ మందులకు లొంగకుండా పోతుందని గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రం పాస్టరు గారు వచ్చి లోపలికొచ్చి నా మంచం పక్కన కుర్చీ వేసుకున్నారు. చాన్నాళ్లకు నా దగ్గరగా కూర్చున్న బయటి మనిషి ఆయనే. బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజు సంగతి చెప్పారు. దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పళ్ల ముద్ద పుండు మీద వేయమన్నాడు గదా, అది అవిశ్వాసమా అమ్మా అని అడిగారు. నాకు మా ఊరి కుగ్లర్ ఆసుపత్రి గుర్తొచ్చింది. మా అమ్మ నన్ను కన్నది అక్కడే. డాక్టరు చదివిన మిషనరీ అన్నా కుగ్లర్ దొరసాని 1883లో గుంటూరొచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో ఇక్కడే కన్నుమూసింది. మందు, సువార్త ఒకే చేత్తో పట్టుకుని వచ్చిన మనిషి. అలాంటి ఊళ్లో పుట్టి బిళ్ల మింగడం పాపమని ఎట్లా నమ్మానో!

ఆ రాత్రి నుంచి మూడు బిళ్లలూ అరచేతిలో పెట్టుకుని, అన్నానికి చేసినట్టే ప్రార్థన చేసి మింగాను. మే నెల ఎండల్లో కడుపులో తిప్పేది, మోకాళ్లు పీకేవి. కొన్ని రోజులు ప్రార్థనలో "ప్రభువా" తప్ప ఇంకో మాట రాలేదు. బైబిల్లో యేసు ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగి కథ మళ్లీ మళ్లీ చదివాను. ప్రభువు ముందు చెయ్యి చాపి వాణ్ణి ముట్టుకున్నాడు, వాడు శుద్ధుడైంది ఆ తర్వాత. ఎన్ని ప్రసంగాల్లో విన్నా ఆ వరుస నేనెప్పుడూ గమనించలేదు. ఎవరూ ముట్టుకోని రోజుల్లోనే కనబడింది.

రెండు నెలలకు తెమడలో క్రిములు లేవన్నారు. పాప మళ్లీ నా పక్కలో పడుకుంది, ఆ రాత్రి నేను నిద్రపోలేదు, దాని జుట్టు వాసన చూస్తూనే ఉన్నాను. ప్రభుత్వం నెలకు వెయ్యి లెక్కన ఇచ్చిన డబ్బుతో మా ఆయన గుడ్లు, పాలు తెచ్చాడు. అక్టోబరు మొదట్లో మందులు అయిపోయేసరికి 48 కిలోలకు వచ్చాను. కంచం అడుగున చుక్క సగం ఊడిపోయింది, ఇప్పుడది ఎవరి చేతికొస్తే వాళ్లది.

క్రిస్మసుకు పాటల్లో నిలబడ్డాను, వెనక వరసలో. ఆ అక్క ముందు వరసలో ఉంది. క్షమించానని చెప్పడానికి ఆమె నన్ను అడగలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం ఆమె దగ్గరకు వెళ్లి "వందనాలక్కా" అంటాను. ఒకోసారి తల ఊపుతుంది, ఒకోసారి చూడనట్టు చెప్పులు వెతుక్కుంటుంది. పోయిన ఆదివారం కూడా వెళ్లి చెప్పాను.