ఆరు తతామీల గదిలో

టోక్యోలో అద్దె ప్రకటనలు గది కొలతను తతామీల్లో చెబుతాయి. తతామి అంటే నేల మీద పరిచే గడ్డి చాప, ఒక్కొక్కటి రమారమి 1.6 చదరపు మీటర్లు. నాకు దొరికిన గది ఆరు తతామీలది. చాపలు లేవు, చెక్క నేలే, కొలత మాత్రం పాత పద్ధతిలో సాగుతోంది. దానికి తోడు ఒక మనిషి నిలబడి వండుకునేంత వంటిల్లు. తొట్టె, సింకు, కమోడ్ మూడూ ఒకే ప్లాస్టిక్ అచ్చులో పోసినట్టుండే స్నానాల గది. ఇల్లు నిషి కసాయి పేటలో. అక్కడ భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి కందిపప్పు, ఇంగువ నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ పేటను పట్టుకుని వెతికింది అందుకే.

వెతకడమే అన్నిటికన్నా బాధ పెట్టింది. ఏజెంటు నా ముందే ఇంటి యజమానులకు ఫోన్ చేసేవాడు. నా ఉద్యోగం, జీతం అన్నీ చెప్పాక, విదేశీయుడు అనగానే అవతలి నుంచి మర్యాదగానే కాదనేవారు. ఫోన్ పెట్టి ఆయన తల వంచి క్షమాపణ చెప్పేవాడు. తప్పు ఆయనది కాదని తెలిసినా మనసు చివుక్కుమనేది. చివరికి ఒప్పుకున్న యజమానికి మొదటి నెల అద్దె, అడ్వాన్సు కాక, రేకిన్ పేరుతో తిరిగి రాని ఒక నెల అద్దె ఇచ్చాను. ఏజెంటు రుసుము, నాకు పూచీ నిలిచే కంపెనీ రుసుము వేరు. చేతిలో నాలుగైదు నెలల అద్దెకు సరిపడా డబ్బు లేకుండా ఈ పనికి దిగకూడదు.

తాళం తీసి చూస్తే గది పూర్తిగా ఖాళీ. పైకప్పుకు దీపం తగిలించే చోటు ఉంది, దీపం లేదు. పొయ్యి లేదు, కిటికీలకు పరదాలు లేవు. గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి సరఫరా తెరిచే సమయానికి మనం ఇంట్లో ఉండి తీరాలి. 14 రోజుల్లోపు వార్డు కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి.

ఇక కరెంటు. జపాన్‌లో 100 వోల్టులే. మన 230 వోల్టుల మిక్సీ అక్కడ మూలుగుతుందే తప్ప పచ్చడి చేయదు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అది మిక్సీ కన్నా బరువు, పెట్టడానికి చోటు ఎక్కడ? నా గదికి ఉన్న కనెక్షన్ 20 ఆంపియర్లు, అంటే మొత్తం 2000 వాట్లు. నీళ్లు కాచే కెటిల్ ఒక్కటే 1200 తింటుంది. అది ఆన్‌లో ఉండగా మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడి గది చీకటవుతుంది. అన్నం కుక్కర్, హీటరు, కెటిల్ వంతుల వారీగా నడవాలని వంటిల్లే నేర్పింది. పచ్చడికి సురిబాచి దొరికింది. లోపల గీతలున్న మట్టి గిన్నె అది, కొయ్య రోకలితో నూరతారు. నువ్వుల పొడి, వెల్లుల్లి కారం దానిలో చక్కగా నలుగుతాయి, పైగా శబ్దం లేదు. పల్చని గోడల ఇంట్లో అదీ ముఖ్యమే. పొద్దున్నే ప్రెషర్ కుక్కర్ కూత పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. పప్పు కూడా రాత్రి నానబెట్టి అన్నం కుక్కర్‌లోనే ఉడికించుకునేవాణ్ణి.

నిజంగా గది స్వభావం తెలిసింది పడక దగ్గర. మంచం వేస్తే నడవడానికి దారి ఉండదు. అందుకని ఫుటాన్ కొన్నాను, మడిచి అలమరలో పెట్టగలిగే పల్చని పరుపు. అది నేల మీద అలాగే ఉండిపోతే ఒంటి చెమట, నేల చల్లదనం కలిసి అడుగున తేమ చేరుతుంది. తర్వాత బూజు. జూన్‌లో మొదలై జూలై మధ్య దాకా నడిచే వానకాలంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. కాబట్టి రోజూ లేవగానే మడవాలి, ఎండ వచ్చిన రోజున బాల్కనీ కమ్మీ మీద ఆరేయాలి. అలమర మూలల్లో తేమ పీల్చే డబ్బాలు పెట్టి, నీళ్లు నిండగానే మార్చాలి. చలికాలంలో కిటికీ అద్దాలకు లోపలి వైపు పట్టే నీటిని పొద్దున్నే తుడవాలి.

ఫోన్‌లో అమ్మ దిగులుపడింది. ‘‘మంచం కూడా లేదా నాన్నా?’’ అంది. పరుపు రోజూ మడిచి పెడతానని చెప్పగానే ఆ గొంతు మారిపోయింది. ‘‘మీ తాతయ్య కూడా చాప చుట్టి అటక మీద పెట్టందే కాఫీ తాగేవారు కాదు’’ అంది. ఆ మాట నాకు ఎంతో పనికొచ్చింది. చిన్న గదికి చోటు తక్కువన్నది నిజమే, కానీ ఒకే చోటు పొద్దున వ్యాయామానికి, పగలు పనికి, రాత్రి నిద్రకు వంతులు మారుతుంది. ఆ వంతుల మధ్య సర్దడమే అసలు పని. పొట్టి కాళ్ల బల్ల ఒకటి కొని, దాని మీదే తిని, దాని మీదే రాసుకుని, పడుకునే ముందు గోడకు ఆనించేవాణ్ణి. కొత్త వస్తువు తెచ్చే ముందు అది ఏ వేళలో ఎక్కడ ఉంటుందో ఆలోచించేవాణ్ణి. జవాబు లేకపోతే కొనేవాణ్ణి కాదు.

చెత్తకూ వేళ ఉంది. కాలేవి, కాలనివి, సీసాలు, డబ్బాలు వేర్వేరు రోజుల్లో, అదీ పొద్దున్నే, కాకులు చింపకుండా వల కింద పెట్టాలి. వారం తప్పితే ఆ సంచి నాతోపాటే గదిలో ఉంటుంది.

రెండేళ్ల ఒప్పందం ముగిశాక మళ్లీ ఒక నెల అద్దె కట్టి అదే గదిలో కొనసాగాను. ఇప్పుడు నా భార్య రాబోతోంది కాబట్టి మారక తప్పదు. ఈసారి ఏజెంట్ల దగ్గరికి పోలేదు. యూఆర్ అనే ప్రభుత్వ రంగ సంస్థ అపార్ట్‌మెంట్లకు దరఖాస్తు చేశాను. అక్కడ రేకిన్ లేదు, ఏజెంటు రుసుము లేదు, పూచీదారు అక్కర్లేదు. అడ్వాన్సు కట్టి, చాలినంత ఆదాయం చూపించి, అర్హమైన వీసా ఉంటే ముందు వచ్చినవారికి ముందు ఇస్తారు. మొదటిసారి వచ్చేవారు ముందు ఆ ఆఫీసులో అడిగి, అక్కడ కుదరకపోతేనే మిగతాచోట్ల వెతకండి.