ఓక్లీ గ్రీకు హోటల్లో మిశ్రచాపు

మెల్బోర్న్‌లో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో గ్రీకు పెద్దవాళ్లు ఎక్కువ. 1952లో ఆస్ట్రేలియా, గ్రీస్ ప్రభుత్వాలు వలస ఒప్పందం చేసుకున్నాక, రెండు దశాబ్దాల పాటు పిరయస్ రేవు నుంచి ఓడల మీద ఓడలు ఈ తీరానికి వచ్చాయి. అలా పాతికేళ్ల వయసులో దిగి, కార్ల ఫ్యాక్టరీల్లో, బట్టల ఫ్యాక్టరీల్లో ఒళ్లు వంచి పనిచేసిన తరం ఇది. మతిమరుపు ముదిరేకొద్దీ వీళ్లలో చాలామందికి ముందు ఇంగ్లీషు జారిపోతుంది. అరవై ఏళ్లు ఇక్కడే బతికిన మనిషి మంచినీళ్లు కావాలన్నా గ్రీకులోనే అడుగుతారు. నొప్పికీ నీళ్లకూ చలికీ వాళ్లు వాడే మాటలు ఆ మంచాల పక్కనే నేర్చుకున్నాను.

నాతో పనిచేసే గ్రీకు అమ్మాయి ఒకసారి అంది: "మా వాళ్లను నువ్వు మంచం మీదే చూశావు. భోజనాల బల్ల దగ్గర కూడా చూడాలి." వాళ్ల పెద్దమ్మ పేరురోజుకు మమ్మల్ని ఇంటిల్లిపాదినీ ఓక్లీలో ఒక హోటల్‌కు పిలిచింది. గ్రీకుల్లో పుట్టినరోజు కన్నా తమ పేరు గల పునీతుల పండుగ చాలామందికి ముఖ్యం. ఆ రోజు ఎవరి పేరైతే వాళ్లే పదిమందికీ భోజనం పెడతారు.

ఓక్లీ నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది. ఈటన్ మాల్ అనే వీధి పొడవునా కాఫీ బల్లలు, మిఠాయి దుకాణాలు, గ్రీకు మాటల సందడి. మేము వెళ్లిన హోటల్లో ఆర్భాటం ఏమీ లేదు. బల్లలకు తెల్ల కాగితాలు పరిచారు. పసిపిల్లల ఎత్తు కుర్చీల పక్కనే ముసలివాళ్ల నడక బళ్లు నిలబెట్టి ఉన్నాయి. పిల్లలు రాత్రి పదకొండు వరకూ బల్లల మధ్య పరుగెత్తుతున్నా విసుక్కున్న మనిషి లేడు.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టదు. ఇలాంటి హోటళ్లకు వెళ్లే శాకాహారులకు నాకు తెలిసిన మంచి దారి ఒకటి ఉంది. 'నిస్తీసిమో' వంటలు ఏమున్నాయని అడగండి. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో గ్రీకులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు కాబట్టి ఆ వంటలు వాళ్లకు తరతరాలుగా ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో రొయ్యలు, నత్తల వంటివి తింటారు, అందుకని అవి కూడా లేనివే కావాలని చెప్పాలి. లేత గులాబీ రంగు 'తరమసలాత'ను కూరగాయల పచ్చడి అనుకోవద్దు, అందులో ఉండేది చేప గుడ్లు. అమ్మకు పెద్ద చిక్కుళ్లను టమాటాలతో కాల్చిన 'గిగాందెస్', అన్నం కూరిన ద్రాక్షాకులు, 'ఫావా' వచ్చాయి. ఫావా అంటే పసుపు బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉల్లిపాయ ముక్కలు వేసింది. అచ్చం మన ముద్దపప్పే అంటూ అమ్మ మళ్లీ వడ్డించుకుంది. మా పిల్లలు వేయించిన చీజ్‌నూ, తేనె ఓడుతున్న 'లుకుమాదెస్' ఉండలనూ వదల్లేదు.

తొమ్మిది కావస్తుండగా బుజూకీ అనే గ్రీకు తీగ వాయిద్యం, గిటారు, కీబోర్డు మొదలయ్యాయి. రెండో పాటకే అమ్మ చెయ్యి తొడ మీద ఆడింది. "ఇది మిశ్రచాపు కదరా!" అంది. మన కర్ణాటక సంగీతంలో ఏడు మాత్రల తాళం అది. నేనూ లెక్కపెట్టాను. మూడు, రెండు, రెండు. తకిట తకధిమి. అది 'కలమతియానోస్' నృత్యం, ఏడు మాత్రల నడక. నలభై ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి, గ్రీకు ముక్క రాని మనిషి, ఆ పాటలోకి నేరుగా నడిచి వెళ్లిపోయింది. పెద్దమ్మగారు రుమాలు ఊపుతూ వరుసకు ముందు నిలబడి, రెండో చెయ్యి అమ్మకు అందించారు. చివరన పిల్లలు వేలాడుతూ అడుగులు నేర్చుకుంటున్నారు. మా చిన్నవాడు కూడా.

తర్వాత లయ బరువెక్కింది. 'జెయిబెకికో', తొమ్మిది మాత్రలు. 1922లో ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి తరిమివేతకు గురైన కాందిశీకులతో గ్రీస్ రేవుల్లో వేళ్లూనుకున్న రెబెటికో పాటలకు ఈ నడక ప్రాణం. ఒక్కరే ఆడతారు, మధ్యలో మరొకరు అడుగుపెట్టడం మర్యాద కాదు. మేము చూస్తుండగా ఒక పెద్దాయన చేతికర్ర కొడుక్కిచ్చి లేచాడు. వయసు మా ఆశ్రమంలో నేను స్నానం చేయించే వాళ్లదే. చేతులు చాచి, తూలినట్టే తూలి నిలదొక్కుకుంటూ తిరిగాడు. కొడుకులు, మనవలు మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లతో తాళం వేశారు. "ఓపా!" అంటూ కాగితపు రుమాళ్లు ఎగరేశారు. సోమవారం డ్యూటీకి వెళ్లాక ప్రతి మంచం దగ్గరా అడగాలనిపించింది, అడిగాను కూడా: మీరు ఏ పాటకు లేచి ఆడేవారు? చెప్పగలిగిన వాళ్ల జవాబులు వాళ్ల సంరక్షణ పత్రాల్లో రాశాను.

మన తెలుగు సంబరాల్లో పిల్లలు నెలల తరబడి సాధన చేసి వేదిక మీద ఆడతారు, మనం కింద కూర్చుని ఫోనుల్లో తీసుకుంటాం. పెద్దవాళ్లకు ముందు వరుసలో కుర్చీలు, భోజనం వేరే గదిలో. ఆ సాధన విలువైనదే. కానీ తాతతో చెయ్యి కలిపి అడుగు వేసే వీలు పిల్లలకు అందులో దొరకడం లేదు, నాకు దాని మీద గట్టి బెంగ పట్టుకుంది. ఈ ఉగాదికి మా పేట తెలుగు కుటుంబాలతో మాట్లాడాను. చివరి గంటలో వేదిక కార్యక్రమాలు ఉండవు, కోలాటమే. అమ్మ పాడుతుంది, మృదంగం వాయించే మిత్రుడు ఒప్పుకున్నాడు. భోజనాల బల్లలు ఆ ఆట చుట్టూనే వేయిస్తున్నాం.