సూషా దీవి దగ్గర లంగరు వేసిన రోజు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు ఆనుకొని ఉన్న శాన్ వాన్ దీవుల మధ్య పడవలో తిరగాలంటే ముందుగా చూడవలసింది ఆటుపోట్ల పట్టిక. వేసవిలో సియాటిల్ మిత్రులతో కలిసి తెరచాప పడవను అద్దెకు తీసుకొని అనకోర్టెస్ రేవు నుంచి బయలుదేరాము. రోసారియో జలసంధిలో పోటు నీరు ఉత్తరానికి, ఆటు నీరు దక్షిణానికి పరుగెడుతుంది. మేము చేరవలసిన సూషా దీవి ఉత్తరాన ఉంది కనుక, సరిగ్గా పోటు మొదలయ్యే వేళకు జలసంధిలో ప్రవేశించాము. దారిలో ఓర్కా తిమింగలాలు కనిపించలేదు. కనిపించినా దగ్గరికి పోయేవాళ్ళం కాదు. ఇక్కడ నివసించే, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ఓర్కాలకు పడవలు 1,000 గజాల దూరంలో ఉండాలన్న చట్టం 2025 జనవరి నుంచి అమలులో ఉంది. అవి శబ్దం ఆధారంగానే సాల్మన్ చేపలను వేటాడతాయి కాబట్టి ఆ నిబంధన న్యాయమైనదని నా అభిప్రాయం.

సూషాలోని ఎకో బే అనే చిన్న అఖాతంలో పడవలు కట్టుకోవడానికి నీటిపై తేలుతూ ఉండే బోయాలు అప్పటికే నిండిపోవడంతో లంగరు వేయవలసి వచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన పని అదే. సముద్రపు గడ్డి ఉన్న చోట లంగరు సరిగా పట్టదు, పైగా ఆ గడ్డి చేపపిల్లలకు ఆశ్రయం. అందుకే దానికి దూరంగా, అడుగున బురద ఉన్న చోటు వెతుక్కున్నాము. అక్కడ లోతు 15 అడుగులు. సాయంత్రానికి నీరు మరో 8 అడుగులు పెరుగుతుంది, గొలుసు దిగే పడవ ముక్కు నీటికి 4 అడుగుల ఎత్తున ఉంది. మొత్తం 27, దానికి ఐదింతలు, అంటే 135 అడుగుల గొలుసు వదలాలి. గొలుసు పొడవుగా నేలమీద పరుచుకుంటే లాగుడు అడ్డంగా పడి లంగరు కొన బురదలోకి దిగుతుంది. పొట్టిగా ఉంటే లాగుడు పైకి పడి అదే లంగరు ఊడివస్తుంది. పడవను గాలికి ఎదురుగా నిలిపి, అది మెల్లగా వెనక్కి జారుతుండగా గొలుసు వదిలాము. ముందు కూర్చున్న మిత్రురాలు గొలుసు మీద అరచేయి ఆనించి ఉంచింది. లంగరు ఈడ్చుకుపోతున్నంతసేపూ గొలుసు అదురుతూనే ఉంటుంది. పట్టు దొరికాక బిగుసుకుంటుంది. ఇంజనును వెనక్కి నడిపి, ఒడ్డునున్న ఒక చెట్టును దాని వెనుక బండతో కలిపి చూస్తే, రెండూ ఒకే వరుసలో నిలిచాయి, అంటే పడవ జారడం లేదన్నమాట. ఆ తరువాతే ఇంజను ఆపి పులిహోర డబ్బా తెరిచాము.

భోజనమయ్యాక చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్ళాము. ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడే మడ్రోనా చెట్లు, ఉప్పునీరు తొలిచి గుంతలు చేసిన ఇసుకరాళ్ళు ఎంత చూసినా తనివి తీరలేదు. 2012లో ఇక్కడి ఒడ్డున బర్క్ మ్యూజియం పరిశోధకులకు సుమారు 8 కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ తొడ ఎముక ముక్క దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రంలో బయటపడిన మొదటి డైనోసార్ శిలాజం అదే. ఈ దీవికి వంతెన లేదు, ఫెర్రీ రాదు. అయినా ఇది అందరిదీ కావడానికి కారణం, 1960లో సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయ ప్రాంతపు పడవ క్లబ్బుల వారు డబ్బు పోగుచేసి దీన్ని కొని, ఉద్యానంగా ఉంచమని రాష్ట్రానికి అప్పగించడమే. ఇక్కడ చెత్త ఎత్తేవారు ఉండరు, ఎవరి చెత్త వారే తీసుకుపోవాలి. మేమూ అరటి తొక్కలతో సహా అన్నీ సంచిలో మూటకట్టి అనకోర్టెస్ దాకా తెచ్చాము.