పంటల పాఠం ఒక్క పీరియడ్‌లో అయ్యేది కాదు

బీఎడ్ ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. నాకు మిర్యాలగూడ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ వచ్చింది. సాగర్ ఎడమ కాలువ కింద ఊరు, బడి గోడ దాటితే వరి మళ్లే. నేను డిగ్రీలో బీజెడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) చదివాను, బీఎడ్‌లో మెథడ్, అంటే బోధించడం నేర్చుకునే సబ్జెక్టు, బయాలజీ. అక్కడి జీవశాస్త్రం టీచర్ నాకు మెంటార్. మొదట్లో వెనక బెంచీలో కూర్చుని ఆవిడ పాఠాలు చూస్తూ అబ్జర్వేషన్ రికార్డు రాసుకున్నాను. ఆ తర్వాత ఎనిమిదో తరగతిలో పంటల పాఠం నా చేతికి ఇచ్చారు.

లెసన్ ప్లాన్ రాసేటప్పుడు పూర్వజ్ఞానం అని ఒక గడి ఉంటుంది. వేరే పాఠాలకైతే అందులో రెండు లైన్లు రాసి ముందుకెళ్లిపోతాం. ఈ పాఠానికి ఆ గడి చాలదు. ఆ తరగతిలో సగానికి పైగా పిల్లలు నారుమడి చూసినవాళ్లే. కొందరు ఆడపిల్లలు సెలవు రోజుల్లో అమ్మలతో నాట్లకు కూడా వెళ్తారు. అందుకే మొదటి పీరియడ్‌లో ఏమీ చెప్పకుండా, మీ ఇంట్లో ఏ రకం వడ్లు పెట్టారో కనుక్కుని రమ్మన్నాను. మర్నాడు బోర్డు నిండిపోయింది. ఎంటీయూ 1010, ఆర్‌ఎన్‌ఆర్ 15048, బీపీటీ 5204. ఆ అక్షరాలు ఏ పరిశోధన కేంద్రంలో ఆ రకం తయారైందో చెబుతాయని, ఎంటీయూ అంటే మార్టేరు, బీపీటీ అంటే బాపట్ల, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్ అని చెప్పాక పిల్లల ముఖాలు చూడాలి. రోజూ ఇంట్లో వినే నంబర్ల వెనక మనుషులు, ఏళ్ల తరబడి చేసిన పని ఉన్నాయని వాళ్లకి అప్పుడే తెలిసింది. సాంబ మసూరి అని అందరూ పిలిచే బీపీటీ 5204 విడుదలైంది 1986లో. వాళ్ల నాన్నల్లో కొందరు అప్పటికి బడిలో కూడా చేరి ఉండరు.

నాకు బాగా తృప్తినిచ్చింది మొలక శాతం పరీక్ష. మధ్యాహ్న భోజనం బియ్యం వచ్చిన ఖాళీ గోనె సంచిని హెడ్‌మాస్టర్‌ని అడిగి తీసుకుని ముక్కలుగా కోశాం. తడిపిన ముక్క మీద వరసకు 10 చొప్పున 10 వరసలు, మొత్తం 100 గింజలు పేర్చి, చాపలా చుట్టి వరండాలో నీడన పెట్టాం. తడి ఆరకుండా చూసే పని పిల్లలు వంతులు వేసుకున్నారు. విప్పాక అసలు చర్చ మొదలైంది. పగిలిన ప్రతి గింజనీ లెక్కేయాలని ఒక జట్టు, కాదని ఇంకో జట్టు. తెల్లటి వేరూ, ఆకుపచ్చ మొలకా రెండూ ఆరోగ్యంగా ఉంటేనే లెక్కలోకి వస్తుందని, ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం ఉండాలని చెప్పాను. ఒక్కో గింజనీ అగ్గిపుల్లతో పక్కకు జరుపుతూ మళ్లీ లెక్కపెట్టారు. అంత శ్రద్ధగా నేను కూడా డిగ్రీ ల్యాబ్‌లో లెక్కపెట్టలేదేమో.

పాత వడ్లకు 88 వచ్చింది. అప్పుడే కోసి తెచ్చిన వడ్లకు 34. తరగతంతా నిరాశపడింది. ఆ వడ్లు తెచ్చిన అమ్మాయి మాత్రం నిదానంగా లేచి, "కొత్త వడ్లు మొలవయి టీచర్, కొన్నాళ్లు ఆగాలని మా నాయనమ్మ చెప్పింది" అంది. నేను చెప్పబోయే పాఠం అదే. కోసిన కొత్తలో గింజ బతికే ఉన్నా కొన్ని వారాలు మొలకెత్తదు, దాన్నే నిద్రావస్థ అంటారు. ఆ గుణం లేకపోతే కోతలప్పుడు వాన పడిందంటే కంకి మీదే మొలకలొచ్చేస్తాయి. అదే సంచిలోని గింజలతో నెల తర్వాత మళ్లీ పరీక్ష పెడదామని అక్కడే తేల్చుకున్నాం.

మధ్యలో ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. "పొలం పని ఇంట్ల ఎట్లాగూ ఉంది మేడం, అది తప్పాలనే బడికి పంపుతున్నం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఎండలో నడుం వంచి బతికిన మనిషి తన బిడ్డకు వేరే బతుకు కోరుకోవడంలో తప్పేముంది? నేను వాదించలేదు. పాప నోట్‌బుక్ తెప్పించి పట్టిక చూపించాను. ఆయన 34 దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఆ వడ్లతోనే యాసంగి నారు పోయాలనుకుంటున్నాడట. నిద్రావస్థ పోగొట్టడానికి నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో విత్తనం నానబెట్టి మండె కట్టే, అంటే మొలకెత్తడానికి మూటగట్టి ఉంచే, పద్ధతి ఉందని, మోతాదు మాత్రం రైతు వేదికలో ఏఈవోని (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి చేయమని మా మెంటార్ చెప్పారు. యాసిడ్ పని కాబట్టి దాన్ని తరగతిలో చేయించలేదు.

ఫైనల్ లెసన్‌కి కాలేజీ నుంచి అబ్జర్వర్ వస్తారంటే ఎవరికైనా టెన్షనే. నేను పురుగుమందు డబ్బా మీది రంగు గుర్తులు ఎంచుకున్నాను. పత్తి, మిర్చి కూడా పండే జిల్లా కదా, ఈ పాఠం పిల్లల ఒంటికి సంబంధించినది. ఖాళీ డబ్బాలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, గుర్తుల్ని చార్టు మీదే గీశాను. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే అసలు ప్రమాదమే లేదని చాలామంది అనుకున్నారు. మిగతావాటికన్నా తక్కువ విషం, అంతే. ఆ ఒక్క విషయం దగ్గరే పది నిమిషాలు ఆగాను. ప్లాన్‌లో రాసిన మూల్యాంకన ప్రశ్నల్లో రెండు మిగిలిపోయినా బాధపడలేదు.

నెల తర్వాత పెట్టిన పరీక్షలో ఆ కొత్త వడ్లకు 91 వచ్చింది. రెండు పట్టికలూ పక్కపక్కన నా రికార్డులో అతికించాను.

ఈ ఏడాది ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నవాళ్లకి ఒక్క మాట. పంటల పాఠం మీకు ఎప్పుడు వస్తుందో మెంటార్‌ని ముందే అడగండి, గింజలు మాత్రం బడిలో అడుగుపెట్టిన వారంలోనే తడపండి. పెసర్లకు వారం చాలు, వడ్లకు రెండు వారాల దాకా ఓపిక పట్టాలి. కొత్త వడ్లు దొరికితే ఒక గుప్పెడు విడిగా దాచి, మూట మీద కోసిన తేదీ రాసిపెట్టుకోండి.